అల్యూమినియం ప్రొఫైల్‌తో విప్పి దాచుకునే బొమ్మల కొలువు మెట్లు: ఏ సెక్షన్ తీసుకోవాలి?

కూకట్‌పల్లి కోడలు
అందరికీ నమస్కారం. మా అత్తగారింట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టడం ఆనవాయితీ. ఇన్నాళ్లూ ట్రంకు పెట్టెలు, స్టూళ్లు, పాత మంచం చెక్కలు పేర్చి పైన చీర కప్పేసేవాళ్లం. ఇప్పుడు ఆవిడకు పెట్టెలు ఎత్తి దించే ఓపిక లేదు, నాకు టైమ్ లేదు. మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. చెక్క మెట్లు చేయిస్తే పండగ అయ్యాక వాటిని ఎక్కడ పెట్టాలో తెలియదు.

మా తమ్ముడు త్రీడీ ప్రింటర్ కట్టుకున్నప్పుడు నాలుగు పక్కలా గాడి ఉన్న అల్యూమినియం కమ్మీలు వాడాడు, వీటినే ప్రొఫైల్ అంటారట. అలెన్ కీ ఒక్కటుంటే కట్టొచ్చు, విప్పొచ్చు. మెట్లు వాటితో చేస్తే ఎలా ఉంటుంది?

కావలసింది 5 మెట్లు. వెడల్పు 1200 ఎం.ఎం., ఒక్కో మెట్టు ఎత్తు 200, లోతు 250. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు తేలికే. మట్టి దశావతారాలు, ఇత్తడి విగ్రహాలే బరువు. ఎంత లెక్కేసినా మెట్టుకు 20 కేజీలు దాటదు. తమ్ముడి దగ్గర ఉన్నది 2020 అనే సైజు కమ్మీ. అది చాలా? అత్తగారి షరతు ఒక్కటే, ఊగకూడదు.

పొదుపు రాముడు
అమ్మా, మీ సందు చివర వెల్డింగ్ షాపు ఉంటుంది కదా. ఒక అంగుళం ఇనుప స్క్వేర్ ట్యూబ్‌తో రెండు రోజుల్లో చేసిస్తాడు. ఖర్చు ఇందులో సగం కూడా కాదు. ఈ ప్రొఫైళ్లు ఫ్యాక్టరీల్లో మెషిన్ల చుట్టూ ఫ్రేములు కట్టుకోవడానికి పుట్టాయి. ఇంట్లోకి తెచ్చుకుంటే నట్లకే సగం డబ్బులు పోతాయి.

స్పానర్ బాబాయ్
రాముడు గారు ఖర్చు గురించి చెప్పింది నిజమే. బాలానగర్‌లో మెషిన్ ఫ్రేములు కట్టే పనిలోనే ఉన్నాను కాబట్టి నేనేమీ కాదనను. ఇనుప ట్యూబ్ చౌక, పైగా గట్టిది. ఇనుము స్టిఫ్‌నెస్ అల్యూమినియానికి దాదాపు మూడింతలు. ఒకసారి కట్టి అదే చోట వదిలేసే వస్తువుకి ప్రొఫైల్ కొనడం దండగ అని నా దగ్గరికి వచ్చే కస్టమర్లకే చెప్తాను.

కానీ ఆవిడ అడిగింది విప్పి దాచుకునేది. వెల్డింగ్ చేసిన 5 మెట్ల స్టాండుని ఫ్లాట్‌లో ఏ అటక మీద పెడతారు? పైగా వచ్చే ఏడాది బొమ్మలు పెరిగి ఒక మెట్టు ఎత్తు మార్చాలంటే ఇనుముకి మళ్లీ కటింగ్, వెల్డింగ్, పెయింటు. ప్రొఫైల్‌కి రెండు బోల్టులు వదులు చేసి పైకి జరపడమే. మీరు అదనంగా పెట్టే డబ్బంతా ఆ సౌకర్యానికే. అది అవసరం లేనివాళ్లకు రాముడు గారి మాటే నా మాట.

కొత్తవాళ్ల కోసం: 2020 అంటే ఏడాది కాదు, క్రికెట్టూ కాదు. 20 ఎం.ఎం. పక్క, 20 ఎం.ఎం. పక్క ఉన్న సెక్షన్. గాడి నోరు 6 ఎం.ఎం., అందులో ఎక్కువగా ఎం5, అంటే 5 ఎం.ఎం. బోల్టు వాడతారు. 3030కి గాడి 8, ఎం6 బోల్టు. 4040లో 8 గాడి ఉంది, 10 గాడి కూడా ఉంది. కొనేముందు గాడి ఎంతో అడగకపోతే నట్లు ఒకటి, కమ్మీలు ఒకటి వస్తాయి. లోహం సాధారణంగా 6063 గ్రేడు, మన కిటికీల సెక్షన్లకు వాడేదే. బిల్లెట్‌ని, అంటే లోహపు దిమ్మని, 450 డిగ్రీల పైన వేడి చేసి అచ్చులోంచి నెడతారు. అందుకే అంత చిక్కు ఆకారం ఒకే దెబ్బకి వస్తుంది.

లెక్కల మాస్టారు
2020 చాలుతుందా అన్నారు కదా, లెక్క వేద్దాం.

మెట్టు మీద 20 కేజీలంటే ముందు కమ్మీకి 10, వెనక కమ్మీకి 10. పొడవు 1200. 2020కి వంపుని ఆపే శక్తి, అంటే కేటలాగులో ‘ఐ’ అని రాసే విలువ, సుమారు 0.7 సెం.మీ.⁴ ఉంటుంది. దాని ప్రకారం మధ్యలో 4.5 ఎం.ఎం. దాకా కిందికి వంగుతుంది. విరగదు. కానీ వంపు కంటికి తెలుస్తుంది. చుట్టాల పిల్లవాడెవడో పై బొమ్మ అందుకోవడానికి మెట్టెక్కాడనుకోండి, 30 కేజీలు ఒక్క కమ్మీ మధ్యలో పడితే 21 ఎం.ఎం. వంగుతుంది. బొమ్మలన్నీ మధ్యకి జారతాయి.

3030 అయితే ఇవే లెక్కలు బొమ్మల బరువుకి 1 ఎం.ఎం., పిల్లవాడు ఎక్కితే 5 ఎం.ఎం. దగ్గరికి వస్తాయి. ఇంకా మంచిది 2040ని నిలువుగా నిలబెట్టి వాడటం, అంటే 40 పక్క పైకి ఉండాలి. అప్పుడు బొమ్మల బరువుకి ముప్పాతిక ఎం.ఎం., పిల్లవాడు ఎక్కితే 3 ఎం.ఎం. చిల్లర. బరువులో 3030, 2040 ఇంచుమించు ఒకటే. గాడి 6 కాబట్టి మీ తమ్ముడి దగ్గరున్న ఎం5 నట్లూ పనికొస్తాయి. అదే 2040ని పడుకోబెడితే మాత్రం పెద్ద ప్రయోజనం లేదు, దాదాపు రెండు 2020లు పక్కపక్కన పెట్టినట్టే.

వెడల్పు 4 అడుగుల నుంచి 6 అడుగులకు పెంచాలని మధ్యలో ఎవరికైనా బుద్ధి పుడితే జాగ్రత్త. బరువు అంతే ఉంచినా వంపు 3 రెట్లు దాటుతుంది, ఎందుకంటే అది పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. బొమ్మలూ అదే లెక్కన పెంచితే 5 రెట్లు. అంత వెడల్పు కావాలంటే మధ్యలో ఇంకో కాలు పెట్టాల్సిందే.

కూకట్‌పల్లి కోడలు
మాస్టారూ, ధన్యవాదాలు. అయితే అడ్డ కమ్మీలన్నీ 2040, మిగతావి 2020. మొత్తం ఎన్ని మీటర్లు పడుతుంది? విడి భాగాలు ఎన్నవుతాయో తల్చుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

స్పానర్ బాబాయ్
అన్నీ విప్పకండమ్మా. రెండు పక్క ఫ్రేములను శాశ్వతంగా బిగించేయండి. ఒక్కో ఫ్రేములో కింద ఒక పట్టీ, దాని మీద వరసగా 200, 400, 600, 800, 1000 ఎత్తు గుంజలు, వెనక ఇంకో 1000 గుంజ. మెట్టు లోతుకి వాటిని కలుపుతూ 5 చిన్న ముక్కలు. ఈ ఫ్రేము మందం 20 ఎం.ఎం. మాత్రమే, బీరువా వెనక నిలబెట్టేయొచ్చు. పండగకి రెండు ఫ్రేములూ ఎదురెదురుగా నిలబెట్టి మధ్యలో 10 అడ్డ కమ్మీలు బిగించడమే. విప్పాల్సింది 20 జాయింట్లు. ఇద్దరు కూర్చుంటే కాఫీ చల్లారేలోపు కాకపోయినా, టిఫిన్ టైమ్‌కి అయిపోతుంది.

గుంజలు, పట్టీలు కలిపి 2020 సుమారు 13 మీటర్లు, 2040 సుమారు 12 మీటర్లు. మొత్తం బరువు 15, 16 కేజీలు. గోడ మందాన్ని బట్టి అటూ ఇటూ ఉంటుంది.

కటింగ్ లిస్టు రాసేటప్పుడు ఒకటి చూసుకోండి. గుంజ మధ్య నుంచి గుంజ మధ్యకి 250 కావాలంటే వాటి మధ్య ముక్క 230 కోయాలి. అలాగే బయటి నుంచి బయటికి 1200 కావాలంటే అడ్డ కమ్మీ 1160. షాపువాడు మీరిచ్చిన అంకె ప్రకారం కోస్తాడు, మీ మనసులో ఉన్నది కాదు.

సుత్తి శానం
జాయింట్ల గురించి నేను చెప్తాను, నా పని అదే.

ఫ్రేముల్లో శాశ్వతంగా ఉండే జాయింట్లకు బ్రాకెట్లు కొనొద్దు. 2020 మధ్యలో ఉన్న రంధ్రం సుమారు 4.2 ఎం.ఎం. ఉంటుంది, సరిగ్గా ఎం5 ట్యాప్ వేసే సైజు. చివర మర వేసి, గుండు తల బోల్టు పెట్టి, ఆ తలని రెండో కమ్మీ గాడిలోకి జార్చండి. రెండో కమ్మీకి అలెన్ కీ దూరేంత రంధ్రం ఒకటి వేస్తే బయటి నుంచి బిగించొచ్చు. బ్రాకెట్ కనపడదు, ఖర్చు తక్కువ, పట్టు బాగుంటుంది. కోత మాత్రం మూలమట్టానికి సరిగ్గా కూర్చోవాలి. వంకరగా కోసిన ముక్కని ఏ బోల్టూ సరిచేయదు.

విప్పే 20 జాయింట్లకు ఎల్ బ్రాకెట్లు వాడండి. బ్రాకెట్‌ని ఫ్రేముకే వదిలేసి, అడ్డ కమ్మీ వైపు బోల్టు మాత్రం విప్పండి. అక్కడ గాడిలో నేరుగా పెట్టి తిప్పే సుత్తి తల టీ నట్లు ఉండాలి. చివరి నుంచి జార్చే నట్లయితే ఫ్రేము మూసేశాక లోపలికి వెళ్లే దారి ఉండదు. ఒక్క నట్టు మర్చిపోయినా మొత్తం విప్పాలి.

సుత్తి నట్టు ఒక్కోసారి 90 డిగ్రీలు తిరగకుండానే బిగిసినట్టు అనిపిస్తుంది. బిగించాక బ్రాకెట్ పట్టుకుని గట్టిగా లాగి చూడండి. బోల్టు పొడవు కూడా ముఖ్యం. మామూలు బ్రాకెట్‌కి ఎం5 × 8 చాలు. మరీ పొడుగుదైతే కొస వెళ్లి గాడి అడుగుకి తగులుతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది గానీ బ్రాకెట్ వదులే. ‘అన్నీ టైటే, అయినా ఊగుతోంది’ అనేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

పొదుపు రాముడు
> బ్రాకెట్ కనపడదు, ఖర్చు తక్కువ

ఇప్పుడు దారిలోకి వచ్చారు. అయినా స్లాటెడ్ యాంగిల్ ర్యాకు సంగతి ఎవరూ ఎత్తలేదేం? కిరాణా కొట్టులో ఉంటుందే, అది. అదీ నట్టు బోల్టే, విప్పుకోవచ్చు.

కూకట్‌పల్లి కోడలు
రాముడు గారూ, ఆ ర్యాకు అంచులకు మా అత్తగారి పట్టుచీర ఒకసారి తగిలిందంటే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది.

లెక్కల మాస్టారు
నవ్వులాటకి అన్నా నిజం. యానొడైజ్ చేసిన, అంటే పైన గట్టి ఆక్సైడ్ పొర ఎక్కించిన ప్రొఫైల్‌కి గుండ్రటి మూలలుంటాయి. చేతికి నలుపు అంటదు, పెయింటు రాలదు. కోసిన చివరలు మాత్రం కత్తిలా ఉంటాయి. ఆకురాయితో రుద్ది ప్లాస్టిక్ మూతలు పెట్టండి.

ఊగడం గురించి ఒక మాట. మీ స్టాండు వంగడం వల్ల ఊగదు, పక్కకి ఒరగడం వల్ల ఊగుతుంది. అన్నీ నిలువు, అడ్డం కమ్మీలే ఉంటే ఏ చతురస్రమైనా సమాంతర చతుర్భుజంలా ఒరుగుతుంది. జాయింట్ల పట్టు ఒక్కటే దాన్ని ఆపాలి. వెనక వైపు 6 ఎం.ఎం. ప్లైవుడ్ గానీ ఏసీపీ షీటు (రెండు పక్కలా అల్యూమినియం రేకు, మధ్యలో ప్లాస్టిక్ ఉన్నది) గానీ పెట్టి నాలుగు మూలల్లో, అంచుల మధ్యలో బోల్టులు వేయండి. ఆ షీటు ఒక్కటీ డజను బ్రాకెట్ల పెట్టు. షీటు వద్దనుకుంటే వెనక మూల నుంచి మూలకి ఒక వాలు కమ్మీ పెట్టండి.

గోదారి గట్టు
మెట్ల మీద పరిచేది ఏమిటి? 12 ఎం.ఎం. ప్లైవుడ్ చాలనుకుంటాను. మా రాజమండ్రిలో వడ్రంగి అయితే 18 లేనిదే ముట్టుకోడు.

సుత్తి శానం
ముందూ వెనకా కమ్మీలున్నాయి, మధ్య ఖాళీ 250 కూడా లేదు. 12 పుష్కలం. 18 వేస్తే మోసేది మీరే.

కూకట్‌పల్లి కోడలు
ఇప్పుడు కొనే సంగతి. కిటికీలు చేసే అల్యూమినియం షాపులో అడిగితే ‘స్లైడింగ్ సెక్షనా, పార్టిషన్ సెక్షనా’ అన్నాడు. ఫోటో చూపిస్తే తల గోక్కున్నాడు.

స్పానర్ బాబాయ్
వాళ్ల దగ్గర దొరకదు. ఇండస్ట్రియల్ ఆటోమేషన్ సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర ‘టీ స్లాట్ ప్రొఫైల్’ అని అడగాలి. బాలానగర్, చర్లపల్లి వైపు డీలర్లు ఉన్నారు. బోల్టులు, వాషర్లు మాత్రం సికింద్రాబాద్ రాణిగంజ్‌లో విడిగా కొనుక్కోండి. ప్రొఫైల్ అమ్మేవాళ్లు బోల్టుల మీదే లాభం చూసుకుంటారు. 2020, 2040 అయితే రోబోటిక్స్ సామాన్ల ఆన్‌లైన్ షాపుల్లోనూ దొరుకుతాయి. అక్కడ వీ స్లాట్ అని ఇంకో రకం కనిపిస్తుంది. చక్రాలు దొర్లడానికి గాడి అంచుని వాలుగా చేసిన రకం అది. స్టాండుకి ఏదైనా ఫర్వాలేదు, రెండూ కలపకండి.

రేటు అడిగేటప్పుడు మూడు ప్రశ్నలు: మీటరు ధరలో కోత కూలి ఉందా, 18 శాతం జీఎస్టీ కలిపే చెప్పారా, మిగిలిన ముక్క ఎవరిది? చివరిదానికి నసిగితే ‘ముక్కతో సహా ఇవ్వండి’ అనండి. చిన్న గుంజలు వాటిలోంచే వస్తాయి.

కోత అక్కడే వేయించుకోండి. ఇంట్లో గ్రైండర్‌కి మామూలు ఇనుము కోసే రాయి బిగించి అల్యూమినియం మీద పెట్టొద్దు. మెత్తటి లోహం కరిగి రాయి రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. రాయి వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.

డాలస్ పెద్దక్క
ఇక్కడ మా గుడిలో దసరా కొలువుకి ఇలాంటిదే కట్టాం. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లెవరైనా ఈ చర్చ చదివి 2020 వెతికేముందు ఒక సంగతి. ఇక్కడ బాగా దొరికే ‘ఎయిటీ ట్వంటీ’ కంపెనీ సరుకులో 10 సిరీస్ అంటే 1 అంగుళం, 15 సిరీస్ అంటే ఒకటిన్నర అంగుళం. 10 సిరీస్‌కి పావు అంగుళం బోల్టు. మిల్లీమీటర్ల రకం వేరేగా ఉంటుంది. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చిన ఎం5 నట్లు అంగుళాల గాడిలో సరిపోవు. ఏదో ఒక పద్ధతి పట్టుకుని దాంట్లోనే ఉండండి.

గుడిలో కొలువు కాబట్టి మాకు మెట్లు 9. కింది మూడు మెట్ల కమ్మీలకు నీలం టేపు, పై వాటికి ఎర్ర టేపు అంటించి, అదే రంగు ఫ్రేము మీదా పెట్టాం. కొత్తగా వచ్చిన వాలంటీర్ పిల్లలు కూడా అడగకుండా కట్టేస్తున్నారు.

కరెంటు మనిషి
ఇంతమంది మాట్లాడారు, అసలు ప్రమాదం గురించి ఒక్కరూ ఎత్తలేదు. కొలువు అంటే దీపాలుంటాయి. సీరియల్ బల్బులు తెచ్చి ఆ కమ్మీలకు చుట్టేస్తారు. చాలా సీరియల్ సెట్లకు తీగ తొడుగు పల్చగా ఉంటుంది, జాయింట్లు టేపుతో చుట్టి ఉంటాయి. కోసిన అంచుకి ఒక్కసారి ఒరుసుకుంటే 230 వోల్టులు మొత్తం ఫ్రేములోకి వస్తాయి. చెక్క మెట్లకు ఈ భయం తక్కువ. ఇది లోహం. పేరంటానికి వచ్చినవాళ్లు తడి చేతులతో ముట్టుకుంటారు.

కాబట్టి ఈ స్టాండు మీద 230 వోల్టుల సీరియల్ సెట్లు వద్దు. 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్ తీసుకోండి. దాని అడాప్టర్ స్టాండుకి దూరంగా, గోడ పక్కన పెట్టండి. స్ట్రిప్‌ని ముందు కమ్మీ కింది ముఖానికి అంటిస్తే కాంతి కింది మెట్టు బొమ్మల మీద పడుతుంది, కళ్లలోకి కొట్టదు. వేడిని అల్యూమినియం లాగేసుకుంటుంది కాబట్టి స్ట్రిప్ ఎక్కువ కాలం మన్నుతుంది. తీగ గాడిలో నొక్కి పైన ప్లాస్టిక్ పట్టీ పెట్టేస్తే బయటికి కనపడదు.

ఫ్రేముకి ఎర్త్ ఇస్తామంటే మంచిదే. కానీ యానొడైజ్ పొర కరెంటుని పోనివ్వదు. బోల్టు కింద ఊరికే తీగ చుడితే ఎర్త్ అయినట్టు కాదు. పళ్ల వాషర్ వేసి పొర గీసుకునేలా బిగించాలి. మర వేసిన రంధ్రంలోకి బిగిస్తే ఇంకా మేలు. తర్వాత మీటర్‌తో ఈ చివర నుంచి ఆ చివరకి చూడాలి. ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే కొలువు సంగతి తర్వాత, ముందు అది పెట్టించండి.

కూకట్‌పల్లి కోడలు
అన్నా, ఇది చదివి మా ఆయన వెంటనే లేచి బోర్డు మూత తీసి చూశారు. ఆర్‌సీసీబీ ఉంది. సీరియల్ బల్బులు మాత్రం బాల్కనీకి బదిలీ అయ్యాయి.

విశాఖ తీరం
బీచ్ రోడ్డు దగ్గర ఉండేవాళ్ల కోసం. ఉప్పు గాలికి యానొడైజ్ చేసిన అల్యూమినియం బాగానే నిలుస్తుంది, ముందు పాడయ్యేది బోల్టులే. జింక్ పూత ఇనుప బోల్టులు తుప్పు పట్టి అలెన్ కీ గుంట అరిగిపోతుంది, అప్పుడు విప్పడం నరకం. స్టెయిన్‌లెస్ వాడండి. ‘స్టెయిన్‌లెస్, అల్యూమినియం కలిస్తే అల్యూమినియాన్ని తినేస్తుంది’ అంటారు, కొంతవరకు నిజమే. కానీ ఇక్కడ చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు, పెద్ద అల్యూమినియం కమ్మీ. ఆ నిష్పత్తిలో నష్టం తక్కువ. పెద్ద స్టెయిన్‌లెస్ పలకకి చిన్న అల్యూమినియం రివెట్ వేసినప్పుడే అది త్వరగా పోతుంది. మరలకు కొంచెం గ్రీజు రాసి, అటకెక్కించేముందు పొడిగుడ్డతో తుడవండి.

చేనేత చెల్లి
ఇదే పద్ధతి స్టాల్‌కి పనికొస్తుందా? ఎగ్జిబిషన్లలో చీరల స్టాల్ పెడుతుంటాను. నాంపల్లి నుమాయిష్ లాంటి చోట నెలన్నర ఒకే చోట, మిగతా ఊళ్లలో మూడు నాలుగు రోజులు. చీరలు వేలాడదీసే ఫ్రేములు, ముందు ఒక గాజు బల్ల కావాలి.

స్పానర్ బాబాయ్
చెల్లెమ్మా, స్టాల్ గోడలు కట్టకు. నిర్వాహకులు ఇచ్చే తెల్ల ప్యానెళ్ల స్టాల్స్ ఉంటాయి చూడు, ఆక్టోనార్మ్ అంటారు. అదీ అల్యూమినియం ప్రొఫైలే. ఎనిమిది పలకల గుంజ, అడ్డ కమ్మీ చివర ఒక తాళం ఉంటుంది. ఒక్క మర తిప్పితే ఆ తాళం పడుతుంది. అద్దెకి దొరికేదాన్ని సొంతంగా కొని లారీల్లో తిప్పడం ఎందుకు?

చీరల స్టాండు, బల్ల మాత్రం నీవి నీకు ఉండాలి. స్టాండుకి 3030 తీసుకో. ఎత్తు 2 మీటర్ల దగ్గరికి వస్తే పడిపోయేది విరగడం వల్ల కాదు, కాళ్లు చాలకే. కింద ముందుకీ వెనక్కీ బాగా చాచిన కాళ్లు పెట్టు, వాటి మీద ఇసుక సంచి వేయి. ఊళ్లు తిరిగే సరుకులో లారీ కుదుపులకు బోల్టులు వదులవుతాయి. దింపగానే ఒక రౌండు బిగించి చూడటం అలవాటు చేసుకో. గాజుకి టఫెన్డ్ తప్ప ఇంకోటి వద్దు. గాడిలో రబ్బరు పట్టీ పెట్టకుండా గాజుని లోహానికి ఆనించకు.

గోదారి గట్టు
సందట్లో సడేమియా, నాదీ ఒక ప్రశ్న. 3 అడుగుల అక్వేరియం ఉంది, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర అడుగు. దానికి 2040 స్టాండు నిలుస్తుందా?

లెక్కల మాస్టారు
నీళ్లే సుమారు 190 లీటర్లు. గాజు, రాళ్లు, ఇసుక కలిపితే 250 కేజీలు అనుకోండి. ఇది మరో కథ. 4040 తీసుకుని, పై కమ్మీలు గుంజల తలల మీద కూర్చునేలా కట్టండి. గుంజల పక్కన బ్రాకెట్‌తో వేలాడదీస్తే బరువంతా నట్ల పట్టు మీదే ఆగాలి, అవి మెల్లగా జారతాయి. కమ్మీ గుంజ మీద కూర్చుంటే బ్రాకెట్ పని కదలకుండా పట్టుకోవడం వరకే. పైన 18 ఎం.ఎం. ప్లైవుడ్, దాని మీద థర్మోకోల్ షీటు, కింద నాలుగు మూలలా లెవెలింగ్ కాళ్లు. రసమట్టం పెట్టి చూశాకే నీళ్లు పోయండి.

పొదుపు రాముడు
అక్వేరియం కదలదు, మెదలదు. దానికి ఇనుప స్టాండు.

స్పానర్ బాబాయ్
ఈ ఒక్కదానికి రాముడు గారికే నా ఓటు. గోదారి గట్టు గారూ, ఇనుప స్టాండే చేయించుకోండి. పెయింటు మాత్రం రెండు కోట్లు వేయించండి, నీళ్లు చింది తుప్పు పడుతుంది.